విచారణ లేని తీర్పు

ధర్మవరమున 1853లో జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో 'సరస వినోదినీ సభ'ను స్థాపించి, ఆంధ్ర నాటక పితామహుడని ప్రసిద్ధి గాంచెను. మంగళాంతమే నియమమైన సంస్కృత నాటక సంప్రదాయమును విడిచి, పాశ్చాత్యుల విషాదాంత మార్గమున 'విషాద సారంగధర'ను రచించెను.

రాజరాజనరేంద్రుని యువభార్య చిత్రాంగి సవతి కుమారుడైన సారంగధరుని మోహించెను. అతడు మాతృభావముతో తిరస్కరింపగా అతనిపైననే నింద మోపెను. రాజు విచారణ సేయకయే కుమారుని కాలుసేతులు నరికింప నాజ్ఞాపించెను.

ఇచట పతనమొందినది చిత్రాంగి యొక్కతెయేనా? ఆమెను కామము చెరచినది. రాజును క్రోధము చెరచినది. షేక్స్పియరు చిత్రించిన ఒథెల్లోయు నిట్లే ఒక చేతిరుమాలును సాక్ష్యముగ గైకొని, నిర్దోషియగు భార్యను జంపెను. ఇరువురును స్వభావముచే దుష్టులు కారు. నింద చెవిని బడిన క్షణమున నిందితుని మాటకు తావీయకపోవుటయే వారి దోషము.

శ్రీశైల భిక్షావృత్తి మఠాధిపతి కోరికపై గౌరన రచించిన 'నవనాథ చరిత్ర'లో సిద్ధుని కరుణచే సారంగధరుని కాలుసేతులు మరల వచ్చును. విషాద నాటకమున ఆ యూరట లేదు. పశ్చాత్తాపము తెగిన చేతిని అతికింపజాలదు.

సంసారమునను ఇంతియే. కోడలిపై అత్తయు, శిష్యునిపై గురువును, సేవకునిపై యజమానియు నింద విన్నపుడు ముందుగ అడుగవలసినది నిందితునే. క్రోధమును విడువుమని బసవేశ్వరుడు బోధించినది పరులపై దయకొరకు మాత్రమే కాదు. తీర్పు చెప్పువాడు తాను చెడకుండుటకును.