రాజవస్త్రం విప్పిన చక్రవర్తి



దివ్యబలిపూజలో మనం నిలబడి చెప్పే నైసియా విశ్వాస సంగ్రహం క్రీ.శ. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభతో ముడిపడి ఉంది. ఆ మహాసభను పిలిపించినవాడు రోము చక్రవర్తి థియోడోసియస్. తిరుసభకు ఇంత మేలు చేసిన ఆ ప్రభువే తొమ్మిదేళ్ల తరువాత దేవాలయంలో, ప్రజలందరి ఎదుట, పాపిగా కన్నీరు కార్చవలసి వచ్చింది.

అతడు 347లో స్పెయిన్ దేశంలో పుట్టాడు. తండ్రి పేరుమోసిన సేనాని. 376 ప్రాంతంలో ఆ తండ్రికి మరణశిక్ష పడింది. కొడుకు కొలువు విడిచి సొంత ఊరు చేరుకున్నాడు. 378లో గోతు జాతివారితో జరిగిన యుద్ధంలో వాలెన్స్ చక్రవర్తి కూలిపోగా, 379 జనవరి 19న గ్రేషియన్ చక్రవర్తి ఇతన్ని పిలిపించి తూర్పు రాజ్యం అప్పగించాడు. మరుసటి ఏడు థెస్సలోనికలో ప్రాణం మీదికి వచ్చిన జబ్బులో జ్ఞానస్నానం పొందాడు. పునీత పౌలుగారు లేఖలు రాసిన ఊరు అదే.

ఆ ఊరినే 390లో అతడు రక్తంలో ముంచాడు. అక్కడి సేనాధిపతి బుతెరిక్ ఒక రథసారథిని నీచమైన నేరం మీద చెరలో వేశాడు. పందేల కోసం అతన్ని వదలమని జనం అడిగారు. సేనాధిపతి ఒప్పుకోలేదు. అల్లరి రేగి జనం అతన్ని చంపేశారు. వార్త విని చక్రవర్తి కోపంతో ఊగిపోయి, ఊరివాళ్లను నరకమని ఆజ్ఞ పంపాడు. కోపం చల్లారాక ఆపమని మరో ఆజ్ఞ పంపాడు. అది చేరేసరికి పని అయిపోయింది. చనిపోయినవారు ఏడు వేలమంది అని థియోడొరెట్ రాశాడు.

సోజొమెన్ అనే చరిత్రకారుడు రాసిన ఒక సంగతి చదివితే గుండె పట్టేస్తుంది. ఒక వర్తకుడి ఇద్దరు కొడుకులు సైనికుల చేతికి చిక్కారు. బంగారం ఇస్తాను, వారికి బదులు నన్ను చంపండి అని ఆ తండ్రి కాళ్లావేళ్లా పడ్డాడు. లెక్క తగ్గకూడదు గనుక ఒక్కణ్ణే వదులుతాం, ఎవరో చెప్పు అన్నారు సైనికులు. ఆయన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ ఏడుస్తూనే ఉండిపోయాడు. ఇద్దర్నీ చంపేశారు.

మిలాను పీఠాధిపతి పునీత అంబ్రోసు వారు ఏమి చేశారు? వీధికెక్కి చక్రవర్తిని నిందించలేదు. ఊరు విడిచి వెళ్లి, చక్రవర్తి ఒక్కడే చదువుకునేలా స్వహస్తాలతో ఉత్తరం రాశారు. దావీదు రాజును, నాతాను ప్రవక్తను గుర్తుచేసి, మీరు ఎదుట ఉంటే నేను దివ్యబలి అర్పించలేను అని తెలియజేశారు. దేవాలయ ద్వారం దగ్గర బిషపుగారు చక్రవర్తిని అడ్డగించినట్లు చిత్రాల్లో చూస్తాం. ఆ కథ అరవై ఏళ్ల తరువాత రాసినది, చరిత్రకారులు దాన్ని అంతగా నమ్మరు. నాకైతే ఆ రహస్యపు ఉత్తరమే గొప్పది. అయినా అంబ్రోసు వారి ప్రతి మాటా సరైనదని కాదు. 388లో క్రైస్తవులు యూదుల ప్రార్థనా మందిరాన్ని తగలబెడితే, దాన్ని తిరిగి కట్టించాలన్న చక్రవర్తి ఆజ్ఞను ఆయనే పట్టుబట్టి వెనక్కి తీయించారు. అక్కడ న్యాయం చక్రవర్తిదే.

థెస్సలోనిక విషయంలో మాత్రం చక్రవర్తి తల వంచాడు. రాజచిహ్నాలు తీసేసి దేవాలయంలో అందరి ఎదుట ఏడ్చాడు. ఎనిమిది నెలల ప్రాయశ్చిత్తం గడిచాక, క్రిస్మస్ వేళ అతన్ని మళ్లీ సత్ప్రసాద బల్లకు చేర్చుకున్నారని థియోడొరెట్ చెబుతాడు.

నర్సీపట్నం ప్రాంతంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు మీకు తెలుసు. రాజారాణి బొమ్మలు మీ ఇంటి అలమరలోనూ ఉండవచ్చు. రాజు బొమ్మకైనా బంటు బొమ్మకైనా కర్ర ఒక్కటే, అంకుడు కర్ర. గిర్రున తిరిగే కర్రకు రంగు లక్కను ఒత్తితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. కిరీటమూ ఆ లక్కే, జరీ అంచూ ఆ లక్కే. గీరితే కర్ర బయటపడుతుంది. థియోడోసియస్ ఆ రంగును తన చేతులతో తానే గీరుకున్నాడు. మనలో ఇంటి పెద్దలమని, గుడి పెద్దలమని, మేష్టర్లమని, గురువులమని పూసుకున్న రంగును ఎవరైనా గోటితో తాకితే ఎంత కోపం వస్తుందో మనకు తెలుసు.

మరణశిక్ష విధించినా ముప్పై రోజులు ఆగి అమలు చేయాలని అతడు చేసిన చట్టం ఈ పశ్చాత్తాపం నుంచే పుట్టిందని పూర్వపు తిరుసభ చరిత్రకారులు చెబుతారు. మన ఇళ్లలో ముప్పై రోజులు అక్కర్లేదు, మూడు రోజులు ఆగినా ఎన్ని తలుపులు మూసుకోకుండా ఉండేవి! ఇష్టపడిన పిల్లను చేసుకున్నాడని కొడుకును గుమ్మం తొక్కవద్దన్న తండ్రి ఉన్నాడు. గట్టు తగాదాతో ఒకే గుడిలో చెరోపక్క కూర్చుని, ఒకే సత్ప్రసాదం లోకొనే అన్నదమ్ములున్నారు. రెండో ఆజ్ఞ ఇంకా పంపలేదు వారు. మీరు పంపారా?

చక్రవర్తి 395 జనవరి 17న మిలానులో కన్నుమూశాడు. నలభయ్యో రోజున అంబ్రోసు వారు సంస్మరణ ప్రసంగం చేశారు. యుద్ధాల్లో గెలుపు గురించి చెప్పారు, క్షమాగుణం గురించి చెప్పారు. ఆ పాపాన్ని దాచలేదు, ఆ కన్నీళ్లనూ దాచలేదు. ఆ వేళ దివ్యపీఠం దగ్గర చక్రవర్తి చిన్న కొడుకు హొనోరియస్ ఉన్నాడు. వాడికి అప్పటికి పదేళ్లు.