చెట్టు నీడన చదువు

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ మీరెఱుగుదురు. గురువైన హారిద్రుమత గౌతముడు బక్కచిక్కిన నాలుగువందల ఆవుల నప్పగించి అతనిని మేపుకొని రమ్మనెను. అవి వేయి కానిదే తిరిగి రానని ఆ బాలుడు పలికెను. ఏండ్లు గడచి మంద వేయి అయ్యెను. అప్పుడు అతనికి పాఠము చెప్ప వచ్చినదెవరు? ఒక వృషభము, అగ్ని, ఒక హంస, ఒక నీటిపక్షి. ఒక్కొక్కటి బ్రహ్మముయొక్క ఒక్కొక్క పాదమును బోధించెను. ఇంత తెలిసియు అతడు గురువును చేరి మరల ఉపదేశమును వేడెను. అడవి గురువును అనవసరము చేయలేదు. గురువాక్యమును గ్రహింపగల శిష్యుని సిద్ధము చేసి పంపినది.

ఈ సంగతి మఱచి మనము పాఠశాలలు కట్టుచున్నాము. కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున పాఠశాల కట్టుచు నన్ను సలహా అడిగిరి. స్థలము నడుమ పెద్ద వేపచెట్టు. భవనమునకు అది అడ్డమనిరి. నేనును తల యూపితిని. ఇప్పుడచ్చట చైత్రమాసమున పది గంటలకే పిల్లలు గోడనీడను వెదకికొందురు. ఎంత చందా ప్రోగుచేసినను ఆ వేపనీడ రేపటికి రాదు.

శాంతినికేతనమున పని వేఱు విధముగ జరిగినది. 1863లో మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు బోల్పూరు చెంత ఇరువది బిఘాల భూమిని తీసికొన్నపుడు అది ఎఱ్ఱనేల బీడు. అచ్చట ఆయనను ఆకర్షించినవి సప్తపర్ణ వృక్షములు. 1901లో రవీంద్రనాథుడు అయిదుగురు విద్యార్థులతో బ్రహ్మచర్యాశ్రమమును ప్రారంభించెను. మామిడితోపే తరగతి గది. పిల్లలు తమ ఆసనములను తామే తెచ్చికొని గురువుచుట్టు కూర్చుండిరి. 1928లో వృక్షారోపణోత్సవము మొదలయ్యెను. మొక్కను అలంకరించి, పాటలతో ఊరేగించి నాటుదురు. 2023లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వములలో చేర్చెను.

వర్షము వచ్చినచో నేమని కొందఱడుగుదురు. వరండాలోనికి పోవలెను, అంతే.

పాఠశాల కట్టదలచిన పెద్దలకు నా మనవి: పునాదులకు ముగ్గు పోయకముందే చెట్లను లెక్కించుడు. ఎండకాలమున ఒక దినమెల్ల అచ్చట కూర్చుండి నీడ యెటు జరుగునో చూచి, గదుల నందుకు తగినట్లు అమర్చుడు. వేళ్ళపై సిమెంటు పోసి అరుగు కట్టకుడు. నీరు, గాలి చొరక చెట్టు క్షీణించును. వాననీరు పాఱు కాలువను పూడ్చకుడు. ఇక ఉపాధ్యాయునకు ఆ చెట్ల పేరులైనను తెలిసియుండవలెను. అన్నిటికంటె కష్టమైనది ఇదియే యని నా అనుభవము.

ఆ గ్రామమునకు నిరుడు మరల పోయితిని. ప్రహరీ వెంబడి నాటిన కానుగ మొక్కలను పిల్లలు చూపిరి. నీరు పోయుట ఏడవ తరగతివారి వంతట. మొక్కలింకను మోకాలెత్తు కూడ లేవు.