పాదాలు కూడా అమానతే



మన శరీరం మన సొంత ఆస్తి కాదు. అది అల్లాహ్ మన దగ్గర ఉంచిన అమానతు. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులలో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు, శరీరానికి కూడా మనిషిపై హక్కు ఉందని మహాప్రవక్త (సఅసం) బోధించారు. ఆరాధన పేరుతోనే ఒంటిని నిర్లక్ష్యం చేయకూడదంటే, బద్ధకంతో నిర్లక్ష్యం చేయడం ఎలా తగుతుంది?

షుగర్ వ్యాధి ఉన్నవారి పాదాల విషయంలో మనం చేస్తున్నది ఇదే. రక్తంలో చక్కెర చాలాకాలం అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. రక్తనాళాలు ఇరుకై గాయాలు త్వరగా మానవు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. నొప్పి లేదు కనుక ప్రమాదం లేదనుకుంటాం. అసలు ప్రమాదం అదే! నొప్పి అల్లాహ్ మనకు పెట్టిన కాపలాదారు. షుగర్ వల్ల కాలు తీసేయవలసి వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి ఆ కష్టం పాదం మీది పుండుతోనే మొదలవుతుంది.

కాపలాదారు లేనప్పుడు ఆ పని మన కళ్ళు, చేతులు చేయాలి. అందుకు వుజూకు మించిన అవకాశం ఏముంది? చీలమండల వరకు పాదాలు కడగాలని దివ్యఖుర్ఆన్ మాయిదా సూరా 6వ ఆయతులో ఆదేశించింది. మడమలు పొడిగా వదిలేసేవారిని మహాప్రవక్త (సఅసం) నరకాగ్ని గురించి హెచ్చరించారు. కాలివేళ్ళ మధ్య వేళ్ళు పోనిచ్చి కడగమన్నారు. ఆ కడిగేటప్పుడే ఎరుపు, పొక్కు, పగులు ఉన్నాయేమో చూసుకోండి. తర్వాత వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తుడవండి. అక్కడ తడి నిలిస్తే చర్మం పాసిపోతుంది. మడమలకు కొబ్బరినూనె రాయవచ్చు, వేళ్ళ సందుల్లో మాత్రం వద్దు. చలికాలంలో నీటి వేడిని కాలితో కాక మోచేతితో చూడండి.

తోలు మేజోళ్ళపై మసహ్ చేసే సౌలభ్యం ఇంటి వద్ద ఉన్నవారికి ఒక పగలు, ఒక రాత్రి మాత్రమే. దాన్ని పాదాలు చూసుకోకపోవడానికి సాకుగా మార్చుకోకండి.

నమాజులో కూర్చున్నప్పుడు ఎడమ చీలమండ బయటివైపు నేలకు ఒత్తుకొని కాయ కాస్తుంది. స్పర్శ లేని కాలికి ఆ కాయ కిందే పుండు పడవచ్చు. మందమైన జానమాజ్ వాడండి. కాయలను బ్లేడుతో కోయకండి. తిమ్మిరి ఎక్కిందని వేడి ఇటుకతో కాపడం పెట్టకండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి, వేసుకునే ముందు లోపల చేత్తో తడిమి చూడండి. కుష్ఠు వ్యాధితో స్పర్శ పోయిన పాదాల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు షుగర్ రోగులకూ మేలు చేస్తాయి. ఎండాకాలంలో మసీదు ఆవరణలోని కాలే బండలపై ఉత్త కాళ్ళతో నడవకండి.

కాళ్ళలో రక్తం బాగా ఆడాలంటే వ్యాయామం కావాలి. రోజుకు 30 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులైనా నడవండి. ఫజ్ర్ నమాజు తర్వాతి సమయం దీనికి అనువైనది. కుర్చీలో కూర్చొని మడమలు ఎత్తి దించడం, పాదాలు గుండ్రంగా తిప్పడం పదేసి సార్లు చేయవచ్చు. కాలికి పుండు ఉంటే మాత్రం దానిపై బరువు మోపి నడవకండి. పొగాకు పూర్తిగా మానండి, అది రక్తనాళాలను మరింత ఇరుకు చేస్తుంది.

గాయం ఉన్నా కాలు తడపకపోతే వుజూ కాదని కొందరు భయపడతారు. ప్రయాణంలో తలకు గాయమైన ఒక వ్యక్తికి గుస్ల్ అవసరమైంది. తయమ్ముమ్‌కు వీలు లేదని తోటివారు చెప్పడంతో ఆయన స్నానం చేసి మరణించారు. ఈ సంగతి విని మహాప్రవక్త (సఅసం) వారిని తీవ్రంగా మందలించారు, తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందన్నారు. కనుక గాయాన్ని తడపవచ్చా లేదా అన్నది డాక్టరును, కట్టుపై మసహ్, తయమ్ముమ్ విధానాలను ఆలిమ్‌ను అడగండి. నిలబడి నమాజు చేయలేనివారికి కూర్చొని చేసే అనుమతి కూడా ధర్మం ఇచ్చినదే.

నొప్పి లేకపోయినా ఏడాదికి ఒకసారి డాక్టరుతో పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. వాపు, వేడి, చీము, దుర్వాసన, నల్లబడటం కనిపిస్తే ఆ రోజే వెళ్ళండి.

చివరగా పిల్లలకు ఒక మాట. తల్లి పాదాల చెంత స్వర్గం ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. షుగర్‌తో బాధపడే అమ్మ అరికాలిని ఎన్నడైనా తిప్పి చూశామా? వంగలేని, చూపు ఆనని తల్లిదండ్రుల పాదాలను ఈ రాత్రే దీపం వెలుగులో చూడండి. రోజుకు రెండు నిమిషాల ఈ సేవ వారిని జీవితాంతం నడిపించవచ్చు.

మన అడుగులను మేలు వైపు నడిపించి, ఈ అమానతును కాపాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.