కుంచం పట్టిన చేయి

కార్తీకం చివర్లో తుపాను పట్టి ఏటిగట్టు తెగింది. దిగువనున్న లంక ఊరు తెల్లవారేసరికి నీళ్లలో ఉంది. మెరక మీదున్న ఊరు మాత్రం బతికిపోయింది. పదిహేను రోజులు ఆలస్యమైనా కోతలు పూర్తయ్యాయి, కళ్లంలో నూర్పులు మొదలయ్యాయి. ఆ ఊరి పెద్ద కామందు దగ్గర ఎనభైమంది పనిచేస్తున్నారు. కూలి గింజల్లోనే. మగవాళ్లకు రోజుకు కుంచెడు, ఆడవాళ్లకు మూడు మానికలు.

కామందు మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి. చెడ్డ కామందు కథైతే అతన్ని తిట్టుకుని ఊరుకుంటాం, మనం నేర్చుకునేదేమీ ఉండదు. లంకలో పిల్లలు గంజినీళ్లకు కూడా కటకటలాడుతున్నారని విన్నాక ఆయనకు అన్నం సయించలేదు. మేస్త్రీని పిలిచాడు.

"మన కళ్లంలోవాళ్లు తలా ఓ మానెడు వేస్తే అయిదు తూములవుతాయిరా. లంకవాళ్లకు నాలుగు రోజులు గడుస్తుంది. ఓ మాట అడిగి చూడు. ఎవర్నీ బలవంతం పెట్టకు."

మేస్త్రీ కూడా చెడ్డవాడు కాదు. కానీ అయ్యగారి నోట అయిదు తూములనే లెక్క విన్నాడు. లెక్కంటూ చెవిన పడ్డాక, 'బలవంతం పెట్టకు' అన్నది పెద్దమనిషి మర్యాదకు అన్న మాటలా తోచింది. అయిదు తూముల్లో ఒక్క మానిక తగ్గినా తన చేతకానితనమే అవుతుందనుకున్నాడు.

ఆ సాయంత్రం కొలతల వేళకు అందర్నీ పోగుచేసి, విషయం చెప్పి, చివర్న అన్నాడు: "ఇవ్వడం ఇష్టం లేనివాళ్లుంటే ముందుకొచ్చి చెప్పండి. వాళ్ల జోలికి రాను."

ఎవరూ ముందుకు రాలేదు. ఎలా వస్తారు? మునిగినవాళ్లకు నేనివ్వనని ఊరందరి ముందూ ఎవరంటారు?

కళ్లంలో గింజలు కొలిచేది మేస్త్రీయే. మొదటి మానికను ఒకటి అనరు, 'లాభం' అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. మానిక అంచుదాకా నింపి, ఆ పైన గోపురంలా నిలిచినన్ని గింజలు నిలిపి, అలాగే ఎత్తి కూలీ కొంగులో పోస్తారు. ఆ గోపురం లెక్కలోది కాదు. ఆనవాయితీగా వచ్చేది. మహా అయితే గుప్పెడు. కానీ మూడు మానికలకు మూడు గుప్పిళ్లు, అంటే ఇంట్లో ఒక బిడ్డకు ఓ పూట కడుపు నిండే గింజలు. మేస్త్రీ ఆ రోజు తన మోకాలి పక్కనే తాటాకు గంప పెట్టుకున్నాడు. కొలిచి పోయడం, కళ్లతోనే గంప వైపు చూపించడం. ఒక్కొక్కరే వంగి మానెడు పోసి వెళ్తున్నారు.

ఒకామె వంతు వచ్చింది. కొంగులో గింజలు పట్టుకుని నిలబడింది.

"నేనివ్వలేనయ్యా" అంది.

"ఎందుకని?"

"ఇవ్వలేను."

అంతే. ఇంకేమీ చెప్పలేదు. ఆమె ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నాడా, తీర్చాల్సిన అప్పుందా, లంక నుంచి వచ్చిన చుట్టాలకు తన గుడిసెలోనే రోజూ అన్నం పెడుతోందా, లేక వట్టి పిసినారిదేనా? ఈ కథలో అది ఎక్కడా లేదు. నేనూ కల్పించి చెప్పను. తెలుసుకోవాలని మీకు అనిపించి ఉంటుంది. ఆ సాయంత్రం కళ్లంలో వరస కట్టినవాళ్లకూ సరిగ్గా అదే అనిపించింది. ఆ చూపులన్నీ మోసుకుంటూ ఆమె ఇంటికి నడిచింది.

మర్నాడు మేస్త్రీ ఆమెను ఒక్క మాట అనలేదు. పని మాన్పించలేదు. చక్కగానే పలకరించాడు. వంతు వచ్చినప్పుడు మానిక నింపి, దాని మీద అరచేత్తో ఒకసారి నిమిరాడు. గోపురం జారి రాశిలో కలిసిపోయింది. లాభం, రెండు, మూడు. లెక్క సరిపోయింది. పుస్తకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ వెనక నిలబడినవాళ్లందరూ ఆ అరచేతిని చూశారు.

తవ్వెడు పోసి మిగతాది తర్వాత చూద్దామనుకున్న ముసలాయన ఆ సాయంత్రమే మిగిలిన తవ్వ తెచ్చి పోశాడు. ఇంట్లో బాలింత ఉందని నసిగినవాడు నసగడం మానేశాడు. మూడో సాయంత్రానికి గంప దాదాపు నిండింది. మేస్త్రీ పరుగున వెళ్లి కామందుకు చెప్పాడు.

"ఎనభైలో డెబ్భైతొమ్మిది మంది ఇచ్చారయ్యగారూ!"

"ఆ ఒక్కరూ ఎవర్రా?" అన్నాడు కామందు. ఏ దురుద్దేశమూ లేదు, నోటికొచ్చి అడిగాడు. మేస్త్రీ చెప్పాడు.

నాలుగో సాయంత్రం కామందు కళ్లానికి వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని కొలతలు చూస్తూ పెరిగినవాడు. ఆమె వంతు వచ్చింది. మానిక మీద అరచేయి ఆడటం చూశాడు. ఆమె వెనకున్న మనిషి మానిక మీద గోపురం నిలవడమూ చూశాడు. పదిమందిలో ఏమీ అనలేదు. చీకటి పడ్డాక మేస్త్రీని ఇంటికి పిలిపించాడు.

"ఆమెకు ఎన్నాళ్లనుంచి నిమిరి కొలుస్తున్నావు?"

"నేనా? నిమిరానా అయ్యగారూ?"

మేస్త్రీ అబద్ధమాడటం లేదు. నిజంగానే అతనికి తెలియదు. చేయి తనంతట తాను ఆడింది.

తెల్లవారి కామందు మొదట చేసిన పని, గంపలో గింజలు తలా ఒక మానెడు గోపురంతో సహా వెనక్కి కొలిపించడం. రెండోది, తన గాదె తెరిచి అయిదు తూములు బండికెత్తించి లంకకు పంపడం. మూడోది, రామాలయం మండపంలో ఒక మూలగా, మూతికి గుడ్డ కట్టిన బాన పెట్టించడం. లంకకు ఇవ్వదలచినవాళ్లు ఇవ్వదలచినప్పుడు గుడ్డ కింద చేయి పెట్టి పోయవచ్చు. చూసుకునేది పూజారి. ఆయన ఎవరి కూలీ కొలవడు. కళ్లంలో దాని ఊసెత్తకూడదని, కూలి పుస్తకంలో దాని పద్దు ఉండకూడదని కామందు గట్టిగా చెప్పాడు.

పౌర్ణమినాడు బాన కొలిస్తే మూడు తూముల మీద ఒక కుంచం తేలింది.

"తగ్గింది కదండీ" అన్నాడు మేస్త్రీ.

"నీ గంపలో మనసుపడి పోసినవెన్ని, నీ చేతికి భయపడి పోసినవెన్ని? అది చెప్పు, అప్పుడు తగ్గిందో పెరిగిందో చూద్దాం."

మేస్త్రీ చెప్పలేకపోయాడు. ఆమె బానలో పోసిందో లేదో కామందుకు తెలియదు. పూజారికీ తెలియదు.

నీతి: కూలి కొలిచే చేయి చందా గంప పట్టకూడదు.

ఈ నీతి కుంచాల కాలంతో పోలేదు. 2018 ఆగస్టు వరదల్లో కేరళలో 400 మందికి పైగా చనిపోయారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగులను ఒక నెల జీతం సహాయ నిధికి ఇమ్మంది, కావాలంటే నెలకు మూడు రోజుల జీతం చొప్పున పది వాయిదాల్లో. కష్టం నిజం, అవసరం నిజం, అడిగినవాళ్ల మనసులో మంచే ఉంది. కానీ ఆ ఉత్తర్వులో ఇవ్వలేనివాళ్లు ఇవ్వబోమని రాసివ్వాలన్న షరతు ఉంది. ఉద్యోగులు కోర్టుకెక్కారు. కేరళ హైకోర్టు ఆ షరతును నిలిపేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళితే, 2018 అక్టోబరు 29న అక్కడా జోక్యం చేసుకోలేదు. ఇవ్వలేని మనిషి ఆ సంగతి రాసిచ్చి ఎందుకు అవమానపడాలన్నది న్యాయమూర్తుల ప్రశ్న. కథలో ఆమె 'ఇవ్వలేను' అని ఊరుకున్నప్పుడు కారణం అడిగే హక్కు మేస్త్రీకి లేదని నేను అంటున్నది కూడా ఇదే.

అయినా ఆ షరతు అంత తేలిగ్గా చావదు. 2020 ఏప్రిల్ 17న, కరోనా లాక్‌డౌన్ మధ్యలో, కేంద్ర రెవెన్యూ శాఖ తన ఉద్యోగులకు ఒక సర్క్యులర్ పంపింది. 2021 మార్చి దాకా నెలకు ఒకరోజు జీతం పీఎం కేర్స్ నిధికి ఇవ్వాలని కోరింది. అభ్యంతరం ఉన్నవాళ్లు తమ ఉద్యోగి కోడ్‌తో సహా ఏప్రిల్ 20 లోగా రాతపూర్వకంగా తెలపాలంది. శుక్రవారం సర్క్యులర్, సోమవారం గడువు. మౌనంగా ఉంటే ఇచ్చినట్టే లెక్క. 'ఇష్టం లేనివాళ్లు ముందుకొచ్చి చెప్పండి' అన్న మాటకూ దీనికీ తేడా ఏముంది?

ఒప్పుకున్నవాడు రాయడానికీ ఒప్పుకోనివాడు రాయడానికీ ఉన్న తేడా మన చట్టానికి ఎప్పుడో తెలుసు. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం ఏడో సెక్షన్‌లో జీతంలో కోయదగ్గవేమిటో వరసగా రాశారు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి విరాళం కూడా ఆ వరసలో ఉండేది, ఉద్యోగి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అన్న షరతు మీద. ఒప్పుకున్నవాడు రాయాలి. ఒప్పుకోనివాడు రాయడం కాదు. ఎవరి చేత కలం పట్టిస్తున్నామన్న దాంట్లోనే న్యాయమంతా ఉంది.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నుంచి ఏటా విరాళాలు సేకరించే కార్యక్రమం 1961లో కెనెడీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు మొదలైంది. దాని నిబంధనలు చదివితే, రాసినవాళ్లు మన మేస్త్రీని దగ్గరుండి చూశారేమో అనిపిస్తుంది. పై అధికారి తన కింది ఉద్యోగిని స్వయంగా చందా అడగకూడదు. ఇచ్చావా, ఎంతిచ్చావు అని వాకబు చేయకూడదు. నూటికి నూరుమందీ ఇవ్వాలన్న లక్ష్యం పెట్టకూడదు. తలకింత అని కోటా వేయకూడదు. ఇవ్వనివాళ్ల జాబితా తయారు చేయనే కూడదు. ఇవేవీ ఉత్తుత్తి భయాలతో పుట్టిన నియమాలు కావు. ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఆఫీసులో జరిగి ఉంటుంది.

మన ఆఫీసుల్లో రోజూ జరుగుతున్నవీ ఇవే. సెక్షన్ వాట్సాప్ గ్రూపులో చందా ఇచ్చినవాళ్ల పేర్లు, పక్కన అంకెలు పెడతారు. పేరు లేనివాళ్లెవరో ఎవరూ రాయనక్కర్లేదు, అందరికీ కనిపిస్తుంది. హెచ్ఆర్ నుంచి వచ్చే మెయిల్‌లో 'స్వచ్ఛందం' అన్న మాట లావు అక్షరాల్లో ఉంటుంది, దాని కిందే మన టీమ్ నూరు శాతానికి ఇంకా ముగ్గురే తక్కువ అని ఉంటుంది. ఇక సంతకాల కాగితం పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరిగేది ఎవరు? సెలవు చీటీ మీద సంతకం చేసే అధికారే. పర్మినెంట్ ఉద్యోగి అయినా మొహమాటపడతాడు, అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసే అటెండర్ సంగతి చెప్పక్కర్లేదు. వచ్చే ఏడాది అతని కాంట్రాక్టు పొడిగించడానికి ఫైలు రాసేది కూడా ఆ చేయే.

ఇవాళ గోపురం గింజలంటే ఇవే: పండక్కి ఊరెళ్లడానికి రెండు రోజుల సెలవు, అప్రైజల్లో ఒక మెట్టు, రాత్రి షిఫ్టు నుంచి పగటి షిఫ్టు, దగ్గరూరికి బదిలీ. ఇవి ఇవ్వకపోతే ఎవరూ తప్పు పట్టలేరు, ఇస్తే ఎవరికీ లోటు రాదు. ఇంక్రిమెంటు ఆపితే ఫిర్యాదు చేయవచ్చు; రావలసిన చిరునవ్వు రాలేదని ఎవరికి ఫిర్యాదు చేస్తాం? చాలామంది అధికారులు తాము అలా చేస్తున్నామని ఒప్పుకోరు. మేస్త్రీ లాగే వాళ్లకూ నిజంగా తెలియదు. అధికారి మంచితనం మీద భారం వేసి ఊరుకోలేమనడానికి కారణం కూడా ఇదే.

అడక్కపోతే ఎవరిస్తారని అనేవాళ్లున్నారు. అడగొద్దని నేను అనడం లేదు. 1952లో రాయలసీమ కరువుకు సినీనటుడు ఎన్టీఆర్ జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఆయనా సాటి నటుడు ఏఎన్నారూ కలిసి మళ్లీ జనంలోకి వెళ్లారు. నడివీధిలో అడిగారు, గొంతెత్తి అడిగారు. జనం చేతనైనంత ఇచ్చారు. ఆ జోలె పట్టినవాళ్ల చేతుల్లో ఇచ్చేవాళ్ల జీతాలు లేవు. ఇవ్వకుండా ఇంటికెళ్లినవాడి మర్నాటి కూలి ఒక్క గింజ తగ్గలేదు. అడగడంలో తప్పు ఎప్పుడూ లేదు, అడిగేవాడి చేతిలో ఇంకేముందన్నదే చూడాలి.

కంపెనీలకు ఇంకో మాట. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. అది యజమాని గాదె. ఉద్యోగులు మనసుపడి ఇచ్చింది దాని మీద కలుపుతానంటే సంతోషమే. గాదె తలుపు తీయకముందే కూలీల కొంగు వైపు చూడటం మాత్రం సబబు కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగింది. అలాంటి వాన మళ్లీ రాదన్న భరోసా ఎవరికీ లేదు. వచ్చినప్పుడు ఎక్కడో ఒక ఆఫీసులో ఒకరు సర్క్యులర్ రాయడానికి కూర్చుంటారు. వారికి నా విన్నపం. 'అభ్యంతరం ఉన్నవారు తెలియజేయగలరు' అన్న వాక్యం కొట్టేయండి. 'ఇవ్వదలచినవారు, ఎంత ఇవ్వదలచారో రాసి, సంతకం చేసి నేరుగా అకౌంట్స్ విభాగంలో ఇవ్వగలరు' అని రాయండి. ఆ కాగితాలు అకౌంట్స్ గది దాటి సెక్షన్ అధికారి టేబుల్ మీదికి రానివ్వకండి. నోటీసు బోర్డు మీద పోగైన మొత్తం ఎంతో రాయండి, ఎంతమంది ఇచ్చారో రాయకండి.