ఆకుపచ్చ వైరు ఎవరికోసం?

పాత ఇంటిని బాగుచేయించాలనుకున్న తెలుగువాడు మొదట పిలిచేది వాస్తు పండితుణ్ణి, తరువాత మేస్త్రీని, చిట్టచివర ఎలక్ట్రీషియన్‌ని. పొయ్యి ఆగ్నేయంలో లేదంటే వంటగది గోడ కూల్చడానికైనా వెనకాడడు. కరెంటు మీటరు కూడా ఆగ్నేయంలోనే ఉండాలంటారు పండితులు. మయమతం, మానసారం పుట్టిననాటికి మీటర్లు లేవు. కరెంటుదీ అగ్ని జాతే కనుక అగ్నిమూలే దాని చోటని ఈ కాలపు వాస్తు తీర్మానించింది. ఒకచోట చెప్పిన విధిని పోలికను బట్టి మరోచోటికి పొడిగించడం వేదవిధుల అర్థాన్ని తర్కించే మీమాంసకులకు కొత్త కాదు, అతిదేశం అన్నారు దాన్ని. అంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఆ మీటరు నుంచి గోడల్లోకి వెళ్లే వైర్ల దగ్గరే.

పాత ఇళ్లలో చాలా పాయింట్లకు ఉండేవి రెండే వైర్లు: ఫేజు, న్యూట్రల్. వంటగది చోటు మారగానే మిక్సీకి, చిమ్నీకి, ఫ్రిజ్‌కి కొత్త పాయింట్లు కావాలి. గోడకు గాడి కొట్టి, పైపు వేసి, పక్కగది బోర్డు నుంచి ఆ రెండు వైర్లనే లాగుతారు. సాకెట్‌కి మాత్రం మూడు రంధ్రాలు. పైదానికి రావలసిన ఆకుపచ్చ ఎర్త్ వైరు లేదు. అప్పుడు బెత్తెడు వైరు ముక్క ఒకటి తీసి, న్యూట్రల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కి లూప్ చేసి, స్క్రూ బిగించేస్తారు. ‘‘ఏం కాదు సార్, అందరిళ్లలో ఇంతే.’’ టెస్టర్ పెట్టి చూసినా తప్పేమీ కనబడదు. ఫ్రిజ్ చక్కగా పనిచేస్తుంది.

కొన్నాళ్లకు ఎక్కడో టేపు చుట్టిన జాయింటు దగ్గర న్యూట్రల్ ఊడుతుంది. ఫ్రిజ్ ఆగిపోతుంది. కరెంటు పోయిందనుకుంటారు. నిజానికి ఫ్రిజ్ లోపలికి వచ్చిన కరెంటు తిరిగిపోయే దారిలేక, ఆ లూపు గుండా దాని ఇనుప ఒంటికే ఎక్కి కూర్చుంటుంది, 230 వోల్టులతో. తడి చేత్తో ఆ తలుపు పట్టుకునేది ఇంటాయనే కానక్కరలేదు. అంట్లు తోమే మనిషి కావచ్చు, అద్దెకొచ్చినవాళ్ల పిల్ల కావచ్చు.

లేనిదాని చోట మరొకటి పెట్టడం మీమాంస ఎరగని సంగతి కాదు. యజ్ఞంలో ఒక ద్రవ్యం దొరకనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న దాని మూలగ్రంథమైన జైమిని సూత్రాల్లో వివరంగా నడుస్తుంది. సోమలత దొరక్కపోతే పూతీకమనే మరో మొక్కను దానికి ప్రతినిధిగా పెట్టి కానివ్వవచ్చు. అయితే దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేదు. ఒకటి చేసే పని మరొకటి చేయలేనిచోట సర్దుబాటు చెల్లదన్నమాట. న్యూట్రల్ పొద్దస్తమానం కరెంటు మోసే వైరు. ఎర్త్ ఏమీ మోయకుండా, పరికరం చెడిన ఒక్క క్షణం కోసం ఉండే వైరు. చూడటానికి రెండూ రాగివే అయినా, ఒకదానికి మరొకటి ప్రతినిధి కాదు. త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెంటికంటే పొడవుగా ఉండేది కూడా అందుకే: కరెంటు కంటే ముందే రక్షణ తగలాలని.

ఈ పనికి ప్రమాణాలు, చట్టం కూడా ఉన్నాయి. ఇళ్ల వైరింగ్‌కి ఐ.ఎస్. 732, ఎర్తింగ్‌కి ఐ.ఎస్. 3043 అనే జాతీయ ప్రమాణాలున్నాయి. కేంద్ర విద్యుత్ అథారిటీ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చి, 2023లో వాటి స్థానంలో కొత్తవి ఇచ్చింది. వాటి ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు మార్చుకోవడం వేరు. ఉన్న వైరింగ్‌కి కొత్తది కలపాలన్నా, మార్చాలన్నా లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. ఈ సంగతి చాలామంది ఇంటి యజమానులకు తెలియదు. తెలిసినవాళ్లలోనూ లైసెన్సు చూపించమని అడిగేవాళ్లు అరుదు. వాస్తు పండితుడి అర్హతను మాత్రం నలుగురిని వాకబు చేసి మరీ నమ్ముతారు!

ఎం.సి.బి. పెట్టించాం కదా అన్నది తరచు వినిపించే జవాబు. అది కాపాడేది వైరును. 16 ఆంపియర్లదైతే, కరెంటు అంతకు బాగా మించినప్పుడే పడిపోతుంది. మనిషి గుండె ఆగడానికి అందులో నూరోవంతు కూడా అక్కర్లేదు. మనిషి కోసం ఉన్నది ఆర్.సి.సి.బి. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందో లేదో అది లెక్క చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా కనబడితే సెకనులో చిన్న భాగంలోనే కట్ చేస్తుంది. కానీ బెత్తెడు లూపు దానికీ గంతలు కడుతుంది. ఫ్రిజ్ ఒంట్లోకి కారిన కరెంటు న్యూట్రల్‌లోకే తిరిగి చేరితే లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. ఎవరో ముట్టుకునేదాకా తేడా తెలియదు.

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల్లో దేశంలో కరెంటు షాక్ మరణాలు ఏటా 10,000 దాటుతున్నాయి. పొలం మోటార్లు, తెగిపడిన తీగలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి అన్నీ ఇళ్ల ఖాతాలో వేయలేం. అయినా చిన్న సంఖ్య కాదు.

మరి కంటికి కనబడని వాస్తు ఫలం కోసం గోడ కూల్చే మనిషి, తర్కానికి అందే ఫలమున్న వైరు దగ్గర ఎందుకు పీనాసి అవుతాడు? గీతలోని నిష్కామకర్మ శ్లోకం చెప్పి దాటేయడం తేలిక. మీమాంస ఇంకా సూటిగా మాట్లాడుతుంది. వడ్లు దంచితే పొట్టు పోతుంది, అది దృష్టఫలం. వాటిమీద మంత్రజలం చల్లితే కలిగేది అదృష్టఫలం. దృష్టఫలం ఉన్నచోట అదృష్టాన్ని ఊహించనక్కరలేదన్నది వారి నియమం. ఎర్తింగ్‌తో చిక్కు ఏమిటంటే, దాని ఫలం దృష్టమే అయినా, సవ్యంగా పనిచేసిననాడు కనబడేది ఏమీ ఉండదు. ప్రమాదం జరగలేదని ఎవరూ ఎలక్ట్రీషియన్‌కి కొబ్బరికాయ కొట్టరు.

శబరస్వామి జైమిని సూత్రాలకు రాసిన భాష్యంలో చెరువు తవ్వించడం, చలివేంద్రం పెట్టించడం వంటి విధులను చర్చించాడు. వాటి ప్రయోజనం పరులకు ప్రత్యక్షంగా అందుతోంది కనుక, ఆ ప్రయోజనమే వాటికి ప్రమాణం అన్నాడు. వేరే వేదవాక్యం వెతకనక్కరలేదు. ఎండాకాలం కూడలిలో చలివేంద్రం పెట్టేవాడు ఆ నీళ్లు ఎవరు తాగుతారని అడగడు. గోడలోపలి ఆకుపచ్చ వైరుది అదే కోవ. ఇల్లు రేపు అమ్ముడుపోవచ్చు, కింది వాటాలో ఎవరెవరో దిగవచ్చు. వాస్తు దిద్దుబాటు యజమాని క్షేమం కోసం, ఎర్త్ వైరు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం. తూచి చూస్తే పరోపకారం పాలు రెండోదానిలోనే ఎక్కువ.

గాడులు పూడ్చి లప్పం పెట్టకముందే, ప్రతి సాకెట్ నుంచి ఎర్త్ గుంట దాకా దారి తెగలేదని పరీక్ష మీటరు పెట్టి చూపించమని అడగండి. తెరిచి ఉన్న గోడలను ఫొటోలు తీసి ఉంచండి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఆ ఫొటోలను, పరీక్ష రీడింగులను అద్దె కాగితంతో పాటు దిగేవాళ్ల చేతిలో పెట్టండి.