వరస ఎవరి చేతిలో ఉంది?

లోక్‌సభ నియమావళిలో 25వ నియమం చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ప్రభుత్వ పనికి కేటాయించిన రోజుల్లో ఆ పనికే ప్రాధాన్యం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది సభానాయకుడితో సంప్రదించి స్పీకర్ నిర్ణయిస్తారు. చివర్లో ఒక షరతు: తగిన కారణం ఉందని స్పీకర్‌కి నమ్మకం కుదిరితే తప్ప, ఆ రోజుకి వేసిన వరసని ఆ రోజే మార్చకూడదు. "ఐదో అంశం ముందుకెలా వచ్చింది?" అని ఎవరైనా పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తితే మనకి విసుగొస్తుంది. దేశంలో ఇన్ని సమస్యలుంటే నంబర్ల మీద కొట్టుకుంటున్నారేంటి అనుకుంటాం. నాకు మాత్రం అసలు గొడవ అక్కడే ఉందనిపిస్తుంది. వరస మార్చడం ఉత్త ఏర్పాటేనా, లేక అది కూడా ఒక తీర్పా?

మనకి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయమై వైసీపీ, టీడీపీ సభ్యులు కేంద్రం మీద అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చారు. అది ముందుకెళ్ళాలంటే కనీసం 50 మంది లేచి నిలబడాలి, స్పీకర్ లెక్కపెట్టాలి. వేరే డిమాండ్లతో కొందరు సభ్యులు వెల్‌లో నినాదాలు చేస్తున్నారు. సభ ఆర్డర్లో లేదు కాబట్టి లెక్కపెట్టలేనన్నారు స్పీకర్ సుమిత్రా మహాజన్. రోజులు గడిచినా అదే తంతు. ఏప్రిల్ 6న సమావేశాలే అయిపోయాయి. చివరికి జూలై 20న చర్చ జరిగి, తీర్మానం 126-325తో వీగిపోయింది.

మార్చిలో జరిగినా ఓడిపోయేదే కదా, మరి పోయిందేముంది? పోయింది వేళ. ప్రశ్నకీ ఒక వేళ ఉంటుంది. గమనించండి, ఆ తీర్మానాన్ని ఎవరూ కాదనలేదు. దానికి వంతు రాలేదంతే. కాదంటే ఎవరో ఒకరు బాధ్యత మోయాలి. వంతు రాకపోతే ఎవరూ మోయక్కర్లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి ఇది తెలిసిన జబ్బే. ప్రాధాన్యం ఎక్కువున్న పనులు వస్తూనే ఉంటే, తక్కువున్న పని క్యూలో అలాగే పడుంటుంది. దీన్ని స్టార్వేషన్ అంటారు. మందు కూడా ఉంది: ఎంతసేపు ఆగితే అంత ప్రాధాన్యం పెంచుకుంటూ పోవడం. శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల పనికి కేటాయించడంలోనూ ఇలాంటి ఆలోచనే ఉంది. బలం లేనివాడికి కాస్తయినా టైం మిగల్చడం.

అయితే వరస కదలకూడదని పట్టుబట్టడమూ సరికాదు. అత్యవసరాలు వస్తాయి. అందుకే కారణం ముఖ్యం. 2019 ఆగస్టు 5న జమ్ముకశ్మీర్ పునర్వ్యవస్థీకరణ బిల్లు రాజ్యసభకి వచ్చింది. విషయం అత్యవసరమైనదీ ముఖ్యమైనదీ అంటూ ఛైర్మన్ వెంకయ్యనాయుడు విచక్షణాధికారంతో ముందస్తు నోటీసు నిబంధనని సడలించారు. అదే రోజు 125-61తో బిల్లు పాసైంది. నియమం ప్రకారం తప్పులేదు. కానీ ఒక రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చే బిల్లుని ఎదిరించేవాడికి చదువుకునే వ్యవధి ఏది?

ఇదే కొలత అటువైపూ పెట్టాలి. బ్రిటన్‌లో 14వ స్టాండింగ్ ఆర్డర్ ప్రకారం మామూలుగా ప్రభుత్వ పనిదే ముందు వరస. 2019 సెప్టెంబర్ 3న బ్రెగ్జిట్ గొడవలో కామన్స్ సభ 328-301తో మర్నాటి అజెండాని ప్రభుత్వం చేతిలోంచి లాక్కుంది. ఒప్పందం లేకుండా వైదొలగడాన్ని అడ్డుకునే బిల్లు మర్నాడు ఒక్కరోజులోనే కామన్స్‌ని దాటేసింది. మనకి నచ్చిన పక్షం కాబట్టి ఈ తొందర ఒప్పు, అది తప్పు అంటే కుదరదు. తేడా ఒకటుంది. అక్కడ వరస మార్చాలా వద్దా అన్నదాని మీదే బహిరంగంగా వాదించుకుని ఓటేశారు. ఎదురు ఓటేసిన 21 మంది కన్సర్వేటివ్‌లు విప్ పోగొట్టుకున్నారు. మార్పుకి బాధ్యులెవరో అందరికీ తెలుసు. వ్యవధి విషయంలో మాత్రం వాళ్ళకీ సగం మార్కులే.

కాబట్టి నేననుకునేది ఇది. అజెండా అంటే సభ తన సభ్యులకిచ్చే మాట. మాట తప్పాల్సిన రోజులు వస్తాయి. అప్పుడు ఎవరు తప్పారో తెలియాలి, ఎందుకో నష్టపోయేవాడి ముఖం మీద చెప్పగలగాలి, జవాబు చెప్పుకునే టైం వాడికివ్వాలి. ఈ మూడూ లేనప్పుడు ఓటింగ్ జరుగుతుంది గానీ, ఫలితం మాత్రం అంతకుముందే, అజెండా టైపయినప్పుడే తేలిపోయి ఉంటుంది.