గుమ్మం తొక్కితేనే కదిలే గడియారం

వర్డ్‌ప్రెస్ సైట్లలో ఒక చిత్రమైన గడియారం ఉంటుంది. దాని పేరు డబ్ల్యూపీ-క్రాన్. రాత్రి రెండింటికి బ్యాకప్ తియ్యమని దానికి పని పురమాయించి పడుకుంటే, రెండు కొట్టగానే అది లేవదు. రెండు దాటాక ఎవరో ఒకరు ఆ సైటుకి రావాలి. వచ్చినవారికి పేజీ తెరిచేటప్పుడు మాత్రమే అది తన చిట్టా చూసుకుని, ఫలానా పని బాకీ ఉందని గుర్తుపడుతుంది. ఆ రాత్రి ఎవరూ రాలేదా, ఆ రాత్రికి బ్యాకప్ లేదు. భక్తుడు గుమ్మం తొక్కితే తప్ప గంట మోగని గుడి అన్నమాట. సంగతి తెలిసినవాళ్ళు దాన్ని ఆపేసి సర్వర్ సొంత గడియారానికి పని అప్పగిస్తారు. చిన్న సైట్లలో చాలావాటికి మాత్రం ఇదే దిక్కు.

2003 మే 27న మొదలైన వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా నడుస్తున్నాయి. కాబట్టి ఆ గడియారాన్ని నమ్ముకున్నవాళ్ళు తక్కువేమీ కాదు. సైటు ఎప్పుడు పోతుందోనన్న వాళ్ళ భయం తీర్చడానికి పుట్టినవే, వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే బ్యాకప్ ప్లగిన్లు. తొలిరోజుల్లో చాలామంది చేసిన పని, సైటంతా జిప్ చేసి ఆ జిప్‌ని అదే సర్వర్లో ఒక మూల పడెయ్యడం. ఇల్లు కాలితే పనికొస్తుందని దస్తావేజుల నకళ్ళు ఆ ఇంటి అటక మీదే దాచినట్టు! తరవాత నకలు ఊరు దాటింది. గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, అమెజాన్ ఎస్3, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ అంటూ ప్లగిన్ల జాబితాలో కొత్త క్లౌడ్ గిడ్డంగులు ఒక్కొక్కటే చేరుతూ వచ్చాయి. మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదటికి పోకుండా తెగినచోట అందుకోవడం, నిన్నటికీ ఇవాళ్టికీ మారినంత వరకే పంపడం, పాస్‌వర్డ్ ఇవ్వకుండా అనుమతి మాత్రమే ఇవ్వడం, డేటాబేస్‌కి తాళం వేసి పంపడం లాంటి సదుపాయాలూ వచ్చాయి.

ఇన్ని ఏర్పాట్లూ ఒక్క మాట చెప్పించుకోవడానికే: "ఉంది." కానీ ఉండటం అంటే ఏమిటన్న ప్రశ్న కంప్యూటర్ల కంటే బాగా పాతది.

మన దర్శనకారులు నిత్యాన్ని రెండు రకాలుగా చూశారు. ఒకటి కూటస్థ నిత్యం. కూటం అంటే కమ్మరి దాగలి అని కూడా అర్థం. దాని మీద పెట్టిన ఇనుము వంగుతుంది, సాగుతుంది, కొడవలి అవుతుంది, గునపం అవుతుంది. దాగలి మాత్రం అలాగే ఉంటుంది. రెండోది ప్రవాహ నిత్యం. పోయిన పుష్కరాల్లో మునిగిన నీళ్ళు మళ్ళీ పుష్కరాలకి రాజమండ్రిలో ఉండవు, గోదావరి ఉంటుంది. శబ్దం నిత్యమా కాదా అని తర్కిస్తూ పతంజలి మహాభాష్యంలో ఈ రెండో వైపు కూడా తలుపు తీశాడు. చెక్కుచెదరనిదే నిత్యం కానక్కరలేదు, మారుతున్నా తత్త్వం పోనిది కూడా నిత్యమే అన్నది అక్కడి వాదం.

క్లౌడ్ కొనుక్కునేవాళ్ళు కొంటున్నది దాగలి అనుకుంటారు. వాళ్ళకి అందేది గోదావరి. 2006 మార్చిలో మొదలైన అమెజాన్ ఎస్3 తన మన్నికని దశాంశ బిందువు తరవాత తొమ్మిది తొమ్మిదులతో, 99.999999999 శాతంగా చెప్పుకుంటుంది. కోటి ఫైళ్ళు దాచుకున్నవాళ్ళకి పదివేల ఏళ్ళకి ఒకటి పోతుందేమో అని ఆ కంపెనీ లెక్క. ఆ ధీమా చావని డిస్కు ఏదో దొరికినందువల్ల వచ్చింది కాదు. డిస్కులు చస్తూనే ఉంటాయి. ఒకటి పోయేలోగా అందులోని ముక్కలు మరికొన్నింటి మీద రాసి ఉంటాయి, పోయినదాని స్థానంలో కొత్తది వస్తుంది, మళ్ళీ రాయడం మొదలవుతుంది. మిలిందపఞ్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు గ్రీకు రాజుకి చూపించిన దీపం ఇలాంటిదే. మొదటి జాములో వెలిగిన జ్వాలా తెల్లవారుజామున వెలుగుతున్న జ్వాలా ఒకటేనా? ఒకటీ కాదు, వేరూ కాదు. పెళ్ళి ఫోటోలు క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయనుకునేవారి ఫోటో ఒక్కటి కూడా, గట్టిగా అడిగితే, వాళ్ళు పెట్టినచోట ఉండకపోవచ్చు.

ప్రవాహంతో చిక్కేమిటంటే అది ఆగిపోయిన సంగతి ఒడ్డున లేనివాడికి తెలియదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో జరిగింది అదే. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీరు, రెండో సర్వర్ మీద ఉన్నాననుకుని అసలు సర్వర్లోని డేటాబేస్ ఫోల్డర్‌ని తుడిచెయ్యమన్నాడు. ఒకటి రెండు సెకన్లలో పొరపాటు తెలిసి ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. సరే, బ్యాకప్ ఉందిగా అని ఎస్3 గిడ్డంగి తెరిచారు. ఖాళీ. బ్యాకప్ తీసే పనిముట్టు వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో పొసగక, ప్రతి రోజూ చడీచప్పుడు లేకుండా విఫలమవుతోంది. విఫలమైనప్పుడల్లా హెచ్చరిక ఈమెయిల్ వెళ్ళాలి. సరైన సంతకం లేదని ఆ ఈమెయిళ్ళని అవతలి సర్వర్ తిప్పికొడుతోంది. అయిదు రకాల ఏర్పాట్లుండి కూడా ఒక్కటీ సరిగా పనికిరాలేదని కంపెనీయే ఒప్పుకుంది, దాపరికం లేకుండా మరమ్మతునంతా యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. చివరికి ఆదుకున్నది, అదే ఇంజనీరు వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టుకున్న ఒక నకలు. ఆ ఆరు గంటల్లో పుట్టినవి, సుమారు అయిదువేల ప్రాజెక్టులు, అయిదువేల వ్యాఖ్యలు, ఏడువందల కొత్త ఖాతాలు, తిరిగి రాలేదు.

ఎస్3 తప్పేమీ లేదు. దాచమని ఇచ్చినదాన్ని పదకొండు తొమ్మిదుల నిష్ఠతో దాచింది. ఇచ్చిందే ఏమీ లేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటాసెంటర్ ఒకటి కాలి బూడిదైనప్పుడు, బ్యాకప్ కూడా ఆ ప్రాంగణంలోనే ఉన్న ఖాతాదారులకి రెండూ పోయాయి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటాసెంటర్ తగలబడి, ఉద్యోగులు దస్త్రాలు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు పోయాయి. అంత పెద్దదానికి నకలు తియ్యడం కుదరలేదని అధికారులు చెప్పారు.

కోనసీమ అగ్రహారాల్లో ఘనాపాఠీల పద్ధతి వేరు. వేదమంత్రంలోని మాటల్ని విడదీసి చెబితే పదపాఠం, జంటలుగా గొలుసు కడితే క్రమపాఠం, ముందుకీ వెనక్కీ ముందుకీ అల్లితే జటాపాఠం. ఘనపాఠంలో ఒకటీ రెండూ మూడూ అనే మాటలు ఇలా తిరుగుతాయి: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. ఎక్కడైనా ఒక అక్షరం జారితే తిరుగుప్రయాణంలో పట్టుబడుతుంది. ఇవాళ్టి కంప్యూటర్లు ఫైలు సరిగ్గా చేరిందో లేదో చూడటానికి చేసే చెక్‌సమ్ లెక్కకి దీన్ని పోల్చడం అలవాటైంది. పోలిక బాగానే ఉంది కానీ అసలు విశేషం అది కాదు. ఘనం చెప్పేవాడికి దాచడం ఒక పని, తెరిచి చూడటం మరొక పని కాదు. నోరు తెరిస్తే బ్యాకప్, నోరు తెరిస్తేనే రిస్టోర్. గురుశిష్యులు ప్రతి ఉదయం వల్లించే సంత, ప్రతి ఉదయం జరిగే పరీక్ష కూడా. వేద పఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది. ఆ గుర్తింపు వల్ల నిలబడిందేమీ లేదు, శిష్యుడు లేచి కూర్చోకపోతే ఏ ప్రకటనా కాపాడలేదు. ఆ చదువు తరతరాలుగా ఎందరికి తలుపు మూసిందన్నది వేరే ప్రశ్న. నకలు ఒకే ప్రాంగణంలో పెట్టుకునే లోపం దానికీ ఉంది.

దాగలి పద్ధతికి తెలుగునాట పెద్ద ఉదాహరణ తిరుమల రాగిరేకులు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనల్ని ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో రేకుల మీద చెక్కించి, ఆలయంలో ఒక అరలో భద్రపరిచారు. చెదపట్టదు, తడికి కుళ్ళదు. పత్రాల మీద రాసినవి శిథిలమైపోతున్న దేశంలో అది గొప్ప ముందుచూపు. తరవాత వాటి సంగతి లోకం మరిచింది. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణం ఉపోద్ఘాతంలో ఎ.డి. క్యాంప్‌బెల్ ఒక తమాషా రాశాడు. తిరుపతిలో రాగిరేకుల మీద కావ్యాలేవో చెక్కి ఉన్నాయని విని, ఆశపడి ఒక మనిషిని పంపి చూపించాడట. తీరా ఒక్క వ్యాకరణ గ్రంథం తప్ప, తక్కినవన్నీ దేవుడి మీద పాటలు! ఆ వ్యాకరణానికి నకలు తీయించుకున్నాడు, అన్నమయ్యని పక్కన పెట్టేశాడు. వాటిని వాటి కోసమే తెరిచి చదవడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు రేకుల్లోంచి కాగితం మీదికి దించేదాకా అవి ఉన్నాయా లేవా? రాగి ఉంది. పాట ఉందని చెప్పడం కష్టం.

దించాక మరో సంగతి బయటపడింది. వర్డ్‌ప్రెస్ సైటుకి రెండు భాగాలుంటాయి, ఫైళ్ళు ఒకటి, డేటాబేస్ ఒకటి. ఒకటి వచ్చి మరొకటి రాకపోతే సైటు లేవదు. రేకుల మీద ప్రతి కీర్తనకీ రాగం పేరు ఉంది, సాహిత్యం ఉంది, స్వరం లేదు. చెక్కినవాళ్ళకి ఆ వరస నోటికి వచ్చు కనక రాయాలని తోచి ఉండదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, ఆ తరవాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ కట్టిన వరసల్లో ఇవాళ ఇంటింటా వినిపించేది అన్నమయ్యేనా? నాగసేనుడి జవాబు ఇక్కడ కూడా సరిపోతుంది. అయితే ఆ జవాబుకి బలం రాగి ఇవ్వలేదు, పాడినవాళ్ళు ఇచ్చారు.

దాచడంలో ఇంకో వైపు ఉంది, దాని గురించి ప్లగిన్ల ప్రకటనలు మాట్లాడవు. 2022 ఫిబ్రవరిలో, ముప్ఫై లక్షలకి పైగా సైట్లలో ఉన్న అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే బ్యాకప్ ప్లగిన్‌లో ఒక లోపం బయటపడింది. సైటులో మామూలు సభ్యుడిగా లాగిన్ అయినవాడు కూడా మొత్తం బ్యాకప్‌ని దించుకునే వీలు. యజమానులు నిద్రలేచేదాకా ఆగకుండా వర్డ్‌ప్రెస్ వాళ్ళు దాన్ని బలవంతంగా అప్‌డేట్ చేయించారు. బ్యాకప్‌లో అన్నీ ఉంటాయి మరి. జనం పేర్లు, ఈమెయిళ్ళు, పాస్‌వర్డుల గుర్తులు, పారేసిన చిత్తుప్రతులు. చిత్రగుప్తుడి చిట్టా గల్లీ సందులో దొరికినట్టే.

పోనీ చెరిపేద్దామా అంటే అదీ అంత తేలిక కాదు. ఐరోపా 2018 నుంచి అమలు చేస్తున్న చట్టం, మన దేశం 2023లో చేసిన వ్యక్తిగత డేటా చట్టం, రెండూ తన వివరాలు తీసెయ్యమని అడిగే హక్కు మనిషికి ఇచ్చాయి. ఎవరో అడిగారు, సైటువాళ్ళు తీసేశారు అనుకుందాం. నెల తరవాత సైటు కూలింది, నలభై రోజుల కిందటి బ్యాకప్‌తో లేపారు. తీసేసిన మనిషి పేరుతో సహా లేచి కూర్చుంటాడు. కర్మ కాలిపోయినా వాసన మిగిలిందంటే మళ్ళీ మొలుస్తుందని పెద్దలు చెప్పినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. పాత నకళ్ళు పేరుకోకుండా, చాలా ప్లగిన్లలో ఎన్ని నకళ్ళు ఉంచాలో అడిగే చిన్న గడి ఒకటి ఉంటుంది. జైనులు అపరిగ్రహం, అంటే అక్కర్లేనిది దాచుకోకపోవడం, అన్నదాని మీద గ్రంథాలు రాశారు. ఇక్కడ అది రెండంకెల జాగా. చాలామంది దాన్ని ముట్టుకోరు.

గడియారం దగ్గరికి మళ్ళీ వస్తే, గుమ్మం తొక్కేది మనిషే కానక్కరలేదు. సెర్చ్ ఇంజన్ల రోబోలు వచ్చినా అది కదులుతుంది. యజమాని చనిపోయిన సైటు కూడా అలా కొంతకాలం బ్యాకప్‌లు తీసి, ఆయన గూగుల్ డ్రైవ్‌కి పంపుతూనే ఉంటుంది. హోస్టింగ్ బాకీ పడి సైటు ఆగాక జిప్‌లు మాత్రం మిగులుతాయి. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలని తుడిచెయ్యవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టుకుంది. అదే ఖాతా సెట్టింగుల్లో, తన తరవాత ఇవి ఎవరికి చేరాలో రాయమని అడిగే పేజీ ఒకటి ఉంది. పదిమంది దాకా పేర్లు పడతాయి.